పదుగురు గూడి పాట వినుట

సంగీతమును గూర్చి ప్రసంగింపుమని కోరినప్పుడు నేను కొంత జంకితిని. నేను గాయకుడను గాను, వైణికుడను గాను. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. కాని పాడువా డొక్కడున్నచోట వినువారు నూర్గురుందురు. ఆ నూర్గురిలో నొకడనై బాల్యమునుండి నేటి వఱకు వినుచు వచ్చితిని గనుక, వినుటను గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను. ముఖ్యముగా నా మాటలు పల్లెపట్టుల పెద్దలకు. సాయంకాలము అరుగుమీద కూర్చొని వార్తాపత్రిక చదివి పదుగురికి వినిపించువారికి.

నేను చెప్పదలచినది యొక్కటే. మంచి సంగీతమును దినదినము కొంచెము వినవలెను. వినినదానిని తోడివారితో చెప్పుకొనవలెను. ఈ రెండవ పని లేకున్న మొదటిది సగములోనే నిలిచిపోవును. అది యెందువలననో, దానికి మనము చేయదగిన దేమియో వివరించెదను.

శిశువులును, పశువులును, పాములును గూడ గానరసము నెఱుగునని పెద్దలందురు. ఊయెలలోని బిడ్డ జోలపాటకు కన్ను మూయుటకు రాగలక్షణముతో పనిలేదు. కాని రసము ననుభవించుట వేఱు, ఆ యనుభవమును గుఱుతుపట్టుట వేఱు. మామిడిపండు తిన్న పిల్లవాడు ‘తీయగా నున్నది’ అని యూరకుండును. తోటమాలియో, ‘ఇది ఫలాని చెట్టుది, ఇంక రెండుదినములు మాగవలసినది’ అనును. ఇరువురును తిన్నది యొక పండే. తోటమాలికి ఆ యెఱుక పుస్తకమువలన రాలేదు. ఏటేట తిని, తోడివారితో పోల్చి చెప్పుకొని, తప్పిన మాటను దిద్దుకొనుటవలన వచ్చినది. సంగీతశ్రవణమును నట్టిదే.

మన యోరుగంటి సీమకు ఈ సంగతి క్రొత్త గాదు. కాకతీయ గణపతిదేవుని గజబలమునకు అధిపతియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ యను గ్రంథమును సంస్కృతమున రచించెను. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించి మనకు మహోపకారము చేసిరి. అందు ఎనిమిది యధ్యాయములు గలవు. ఆ గ్రంథకర్త నర్తించువారి లక్షణము చెప్పి యూరకుండలేదు. సభ యెట్లుండవలెనో, అందు కూర్చుండువారి కెట్టి గుణములు కావలెనో గూడ చెప్పెను. కళలో చూచువానికి, వినువానికి గూడ పాలు గలదని మన సేనాని యెఱుగును. ఆతని కాలమునకు సమీపమునందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శివరాత్రికి శ్రీశైలము చేరిన భక్తజనుల పాటలను, వీణలను, రాగములను పేరుపేరున వర్ణించెను. రాజసభలోనే గాదు, యాత్ర నడచు జనులలోను పాట యొకరినుండి యొకరికి సాగినదన్నమాట.

తరువాతి కాలమున మన పల్లెలయందు ఆ పని భజనమందిరము చేసినది. కంచెర్ల గోపన్న, అనగా భద్రాచల రామదాసు, పదునేడవ శతాబ్దివాడు. ఆయన కీర్తనలు చదువురాని వారి నోటగూడ నిలిచినవి. ఒకరు పాడిన పంక్తిని పదుగురు అందుకొనుటచేతనే అవి నిలిచినవి. అక్కడ వినువాడే పాడువాడు, పాడువాడే వినువాడు. కాని పెద్ద విద్వాంసుల గానము వినవలెనన్న పల్లెవాసికి పెండ్లియో, రథోత్సవమో రావలసియుండెను. గ్రామఫోను పెట్టె కొన్న ధనికుని యింటను పళ్ళెము ఒకవైపు తిరుగునది మూడు మూడున్నర నిమిషములే. కృతి రుచి తగులునంతలో ముల్లు నిలిచిపోయెడిది.

ఆ కొఱత తీర్చినది రేడియో. నిజాము ప్రభుత్వము 1935లో హైదరాబాదునుండి ప్రసారములు మొదలుపెట్టెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. 1950లో హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలో చేరినది. 1952లో జాతీయ సంగీత కార్యక్రమము ఆరంభమైనది. శనివారము రాత్రి దేశమంతయు నొకే విద్వాంసుని గానము వినుటకు వీలు కలిగినది. విజయవాడయందు బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిన ‘భక్తిరంజని’ తెల్లవాఱుజామున ఇంటింట మేలుకొలుపైనది. శ్రీపాద పినాకపాణి, ఓలేటి వేంకటేశ్వర్లు, నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ మొదలగువారి గాత్రమును, ఈమని శంకరశాస్త్రిగారి వీణయు, షేక్ చినమౌలానాగారి నాగస్వరమును టిక్కెట్టు కొనకయే మన యరుగుమీదికి వచ్చినవి.

నా బాల్యమున మా యూర రేడియో యొక్కటే. అది గ్రామపంచాయతీ కార్యాలయమున నుండెడిది. సాయంకాలము పొలమునుండి వచ్చినవారు గద్దెమీద కూర్చొని, వ్యవసాయదారుల కార్యక్రమమును, వార్తలను, తరువాత వచ్చు పాటకచ్చేరిని వినెడివారు. అందఱికి నొకే గడియ, అందఱికి నొకే పాట. కనుక మఱునాడు బావికడ నీళ్ళు చేదుచు ‘నిన్న రాత్రి ఆ వీణ వింటివా?’ అని యడుగుట సహజమయ్యెడిది. వినకపోయినవానికి విన్నవాడు చెప్పెడివాడు. చెప్పుటకై వినువాడు మఱింత శ్రద్ధతో వినెడివాడు. ఆనాటి గొప్ప యంతయు యంత్రమునందు లేదు. మఱునాటి యా ప్రశ్నయందున్నది.

ఇచట నా జీవితములోని యొక తప్పును మనవి చేసికొనవలెను. అది చెప్పనిచో నా ప్రసంగమునకు ప్రయోజనము లేదు.

1985వ సంవత్సర ప్రాంతమున నేను ఉద్యోగరీత్యా వరంగల్లు కొత్తవాడలో కాపురముంటిని. ఉదయమునుండి సాయంకాలము దాక జంపకానాల మగ్గముల చప్పుడు వినవచ్చు పేట అది. రాత్రి భోజనములైన పిమ్మట మా యింటి యరుగుమీద అయిదాఱుగురము చేరి రేడియో వినుచుంటిమి. మాలో ఒకరు గుమాస్తా, ఒకరు కిరాణా వర్తకుడు, ఇరువు రుపాధ్యాయులు. వీరితోపాటు ఎదురింటి నేతపని వృద్ధుడును వచ్చుచుండెను. ఆయనకు అక్షరములు రావు. మెట్లక్రింద కూర్చొని కన్నులు మూసికొని వినెడివాడు. నేను పండితుడనన్న యహంకారముతో పాటలోని పదముల కర్థము చెప్పెడివాడను. గాయకుడు పదమును విఱిచిన తప్పును ఎంచెడివాడను.

ఒక శనివారము రాత్రి ఉత్తరదేశపు గాయకుడొకరు భూప్ రాగమున పాడిరి. మఱునాటి సాయంకాలము త్యాగరాజస్వామివారి ‘నను పాలింప’ వచ్చినది. మేము ఆలస్యముగా పెట్టుటచే రాగము పేరు వినబడలేదు. పాట ముగిసినంతనే ఆ వృద్ధుడు, ‘సారూ, నిన్న రాత్రి పాడినాయనది, ఈయనది నడక ఒక్కతీరుగనే ఉన్నది గదా?’ అని యడిగెను. నేను నవ్వితిని. ‘నిన్నటిది హిందూస్థానీ, నేటిది కర్ణాటకము. నిన్నటి భాష వేఱు, నేటిది తెలుగు. రెంటికి పొత్తేమి? తెలియని విషయమున మాట కలుపరాదు’ అంటిని. తక్కినవారును నవ్విరి. ఆయన తువాలు దులుపుకొని లేచిపోయెను. మఱునాడు రాలేదు. ఆ వారమంతయు రాలేదు.

పదిదినముల పిమ్మట వీణ నేర్పు మిత్రు డొకరితో ఈ ముచ్చట హాస్యముగా చెప్పితిని. ఆయన నవ్వలేదు. వీణ తీసి, స రి గ ప ధ యను అయిదు స్వరములు పలికించి, ‘ఇవి మోహనము’ అనెను. అవే స్వరములను మఱల పలికించి, ‘ఉత్తరాదివారు దీనినే భూప్ అందురు’ అనెను. నాకు తలకొట్టివేసినట్లైనది. నేను రెండు రాత్రులును మాటలనే వింటిని. ఆ వృద్ధుడు పాటను వినెను.

మఱునాడు మగ్గముకడకు పోయి తప్పు నాదని చెప్పితిని. ‘గదేం లేదు సారూ, పని ఎక్కువుండి రాలే’ అని నాడె చేతబట్టుకొనియే అనెను. ఆ రాత్రి వచ్చెను. కాని మునుపటివలె నోరు విప్పి అడుగుట మానుకొనెను. ఒక్క మాటతో మూసిన నోటిని మఱల తెఱపించుటకు నాకు ఏడాది పట్టినది. ఆ యేడాదిలో ఆయన యేమేమి వినెనో మాకు తెలియకపోయెను.

పెద్దలారా, ఒక కృతిని ఒక్కడే పూర్తిగా వినలేడు. నావంటి చదువరికి సాహిత్యము చిక్కును, స్వరము జాఱిపోవును. నేతగానికి నడక చిక్కును, రాగము పేరు చిక్కదు. ఇరువురును చెప్పుకొన్నప్పుడు రెండు సగములు కలియును. ఇది దేశమంతటను గలదు. త్యాగరాజస్వామి తిరువయ్యారున నివసించి 1847లో సిద్ధిపొందెను. ఆయన కృతులలో అధికభాగము తెలుగు. తెలుగురాని తమిళసోదరులు వానిని తరతరములుగా కాపాడి, రాగమును, సంగతులను క్షుణ్ణముగా ఎఱుగుదురు. మనకు మాటలు పుట్టుకతో వచ్చినవి. కాని వినుటయం దశ్రద్ధ చేయుదుము. వారి చెవియు, మన భాషయు కలిసినచోట పాట నిండుగా నుండును.

ఇక వినుట యెట్లో క్లుప్తముగా చెప్పెదను. శాస్త్రము చదువకున్నను మూడింటిని పట్టుకొనవచ్చును.

మొదటిది రాగము. సప్తస్వరములలో గాయకుడు కొన్నిటిని గ్రహించును, కొన్నిటిని విడుచును. గ్రహించినవానిని ఒక క్రమమున నడపును. మోహనమున మధ్యమ నిషాదములు లేవు. హిందోళమున రిషభ పంచమములు లేవు. పేర్లు తెలియవలసిన పనిలేదు. ఒక వంశమువారి ముఖములలో పోలిక యుండునట్లు, ఒక రాగపు పాటలన్నిటను పోలిక యుండును. ఆ పోలికను చెవితో పట్టుడు. పేరు తరువాత వచ్చును. స్వరమునకు, స్వరమునకు నడుమ జాఱు, ఊపు గమనింపుడు. దానిని గమకమందురు. వీణమీద తంతిని ప్రక్కకు లాగినప్పుడు స్పష్టముగా వినబడును. హార్మోనియము ఒక మెట్టునుండి మఱొక మెట్టునకు దూకును గాని జాఱజాలదు. ఈ కారణముచేతను, విదేశవాద్యమను నాక్షేపణచేతను రేడియోవారు దానిని 1940లో నిషేధించి 1971 వఱకు దూరముగా నుంచిరి. భజనలో హార్మోనియము వాయించువారు నొచ్చుకొనవలదు. పదుగురి గొంతుల నొక శ్రుతికి తెచ్చుటలో దాని యుపకారము చాల గలదు.

రెండవది తాళము. ఆదితాళమున ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, చిటికెనవ్రేలు మొదలు మూడు వ్రేళ్ళ లెక్క. పిమ్మట దెబ్బ, విసురు. మఱల దెబ్బ, విసురు. నాలుగు, రెండు, రెండు. తొడమీద వేసికొనుచు వినినచో పల్లవి యెచట నెత్తుకొనుచున్నదో తెలియును. మా నేతపని వృద్ధుడు మిశ్రచాపు తాళపు కృతి నొకదానిని విని, ‘మా మగ్గం రెండే దెబ్బలు గొడ్తది; ఇది ఒకపారి మూడు, ఒకపారి నాలుగు గొడ్తున్నది’ అనెను. మిశ్రచాపునకు లక్షణము మూడును నాలుగును గూడిన యేడే గదా! అంతకన్న స్ఫుటమైన నిర్వచనము నేను పుస్తకమున చూడలేదు.

మూడవది సాహిత్యము, సంగతులు. పల్లవి, అనుపల్లవి, చరణము అని కృతికి సామాన్యముగా మూడు భాగములు. గాయకుడు ఒకే పంక్తిని పలుమాఱులు పాడుచు, ప్రతిమాఱును కొంచెముగా పెంచును, అవి సంగతులు. అర్థము తెలిసిన పెద్దలు ఇచట తక్కినవారికి తోడ్పడవచ్చును. కాని నావలె అర్థముకడనే నిలిచిపోరాదు.

ఇక కలిసి వినుటకు మేము చేయు పద్ధతి. దినమునకు ఒక్కటే కృతి, పావుగంటకు మించకుండ. ఎక్కువ వినినచో ఏదియు మిగులదు. మొదటిసారి మాటాడక వినవలెను. వెంటనే రెండవసారి వినవలెను. పూర్వము రేడియోలో పోయిన పాట పోయినదే. నేడు యంత్రములో నిలువచేసినదానిని మఱల వినవచ్చును. మనకు కలిగిన లాభమిది. తరువాత ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పవలెను: ‘నాకిది వినబడినది’ అని. బాగున్నది, బాగులేదు అనరాదు. ఏమి వినబడినదో చెప్పవలెను. చదువుకొన్నవారు కడపట మాటాడవలెను. వారు ముందు మాటాడినచో తక్కినవారు వారి మాటనే తిరిగి చెప్పుదురు. భేదాభిప్రాయము వచ్చినచో వాదింపక ఆ భాగమును మఱల వినవలెను. సగము తగవులు అక్కడనే తీఱును. ఇంటి ఆడువారిని పిలువవలెను. మంగళహారతులు పాడినవారి చెవి మన చెవికన్న మేలు. చెవి మందగించినవారిని యంత్రము దాపున కూర్చుండబెట్టవలెను.

ఒక నోటుపుస్తకము పెట్టుడు. తేదీ, పాడినవారి పేరు, కృతి, రాగము, తాళము, పిమ్మట ఎవరేమి వినిరి. రాగము తెలియకున్న ఆ గడిని ఖాళీగా నుంచుడు. సంవత్సరము గడచునప్పటికి ఆ ఖాళీలు చాలవఱకు తామే నిండును.

‘నేడు ప్రతివాని జేబులోను ఫోనున్నది, లక్షపాట లందున్నవి, ఆకాశవాణియు నందే వినబడును. ఒకచోట చేరవలసిన పనియేమి?’ అని మీరడుగవచ్చును. ఫోనును నేను నిందింపను. మా యింటను దానితోనే వినుచున్నాము. కాని చెవులలో గొట్టములు పెట్టుకొని తాతయొక మూల, మనుమడొక మూల వినుచున్నారు. ఒకని పాట యొకనికి తెలియదు. మఱునాడు అడుగువాడు లేడు. కావున చెప్పవలెనను తలంపు లేదు. కావున శ్రద్ధ సన్నగిల్లును. పాట పనివేళ ప్రక్కన మ్రోగు చప్పుడై పోవును. పాటలకు కఱవు లేదు, అడుగువారికే కఱవు. ఆ కఱవు తీర్చుటకు ధనము అక్కఱలేదు, సభాభవనము అక్కఱలేదు. ఒక యరుగు, నలుగురు మనుష్యులు చాలును.

మా నేతపని వృద్ధుడు గతించి చాల యేండ్లైనది. నా యొద్ద నాటి నోటుపుస్తకములు నాలుగు గలవు. ఆయనకు వ్రాత రాదు గనుక ఆయన మాటలన్నియు నా చేతివ్రాతలోనే యున్నవి. మొదటి పుస్తకమున భూప్, మోహనములు విన్న ఆ రెండు తేదీలకెదుట ఆయన గడి ఖాళీగా నున్నది. ఆయన చెప్పెను, నేను వ్రాయలేదు. ఆ తరువాతి యేడాది పుటలలోను ఆ గడి ఖాళీయే. ఇప్పుడు పిల్లలకు ఆ పుస్తకము చూపినప్పుడెల్ల, వారు ‘ఇక్కడ ఏమియు వ్రాయలేదేమి తాతా?’ అని యడుగుదురు. కారణము దాచక చెప్పుచున్నాను.

కావున నా ప్రార్థన యిది. ఈ రాత్రి ఏదైన నొక కృతి వినుడు. రేపు ఉదయము మీ పొరుగువానిని పిలిచి, మీకేమి వినబడినదో చెప్పి, ఆతని కేమి వినబడినదో అడుగుడు. ఆతడు ఏమి చెప్పినను నవ్వకుడు. ముందు వ్రాసికొనుడు.